ముడి రైక

వికారాబాద్
14 జూలై 1957

చెల్లె సుమిత్రకు అక్క రుక్కమ్మ రాయునది.

ఇదివరకు నీకు ఉత్తరం రాస్తే పేరుకు ముందు 'చి.ల.సౌ.' అని పెట్టేదాన్ని. ఈరోజు కలం అక్కడే ఆగింది. మిషన్ బడిలో మనకు టీచరమ్మ నేర్పిన మర్యాదల్లో మొగుడు పోయిన చెల్లెను ఏమని సంబోధించాలో లేదు. అందుకే ఉత్త పేరు పెట్టాను. తప్పయితే తిట్టుకో.

దేవప్ప దినాలకు వచ్చి వెళ్లిన దగ్గర నుంచి నాకు అన్నం సహించడం లేదు. గనిలో బండ జారి మనిషి పోయాడు. దానికి ఏడ్చాను, ఇంకా ఏడుస్తాను. కానీ పదోనాడు వాగు దగ్గర మీ అత్త మొగులమ్మ చేసిన పనికి నాకు ఏడుపు రావడం లేదు, ఒళ్లు మండుతోంది. గాజులు పగలగొట్టింది, పుస్తె తీసింది. అంతటితో ఆగిందా? చంటి పిల్లవాడికి పాలిస్తున్నదాని ఒంటి మీద రైక ముడి విప్పి, "ఇగ నీకు గిది లేదు" అని నీళ్లలో వేసింది. ఆ రైక నీ పెళ్లికి నేను కుట్టింది. అది కొట్టుకుపోతుంటే చూస్తూ నిలబడ్డాను.

మన కులంలో మొగుడు పోయినదానికి బతికినన్నాళ్లూ పైట ఒక్కటే అని నాకూ తెలుసు. మన అమ్మ రామమ్మకూ అదే చేశారు. కానీ అమ్మ అప్పటికి మనవళ్లను ఎత్తుకున్న మనిషి. నీకు ఇరవై రెండు నిండలేదు. పైగా నీ ఒళ్లు నాకు తెలుసు. ఈడొచ్చిన నాటి నుంచి నీకు రొమ్ము బరువు. నీకు కుట్టేటప్పుడల్లా అమ్మ, "దీనికి కింద పట్టీ గట్టిగ వడాలె, లేకుంటే నడుము వంగిపోతది" అనేది. ఇప్పుడు పాలు కూడా తోడు.

నువ్వు కూడా గనిలో తట్టలు మోస్తున్నావని విన్నాను. నిజం రాయి. నేను రైక కుట్టి పంపుతాను, పైట కింద వేసుకో. కొలతలు రాసి పంపు. ఎవరైనా నోరెత్తితే పిల్లవాడిని చంకనేసుకుని రైలెక్కు. ఇక్కడ నా ఇల్లు ఉంది.

అక్క
రుక్కమ్మ


తాండూరు
3 ఆగస్టు 1957

అక్కకు సుమిత్ర నమస్కరించి రాయునది.

నీ ఉత్తరం తన ముందే చదవమన్నాడు మా మరిది శంకరప్ప. అన్న పోయాక ఇంటికి తనే పెద్ద కదా. అందులో ఉన్నది ఒక్క ముక్క చదవలేదు. వికారాబాద్‌లో వానలు మంచిగా పడుతున్నాయని, మీ మేక రెండు పిల్లలు ఈనిందని చదివాను. నీకు మేక ఉందని ఇప్పుడు మా ఇంట్లో అందరికీ తెలుసు. ఇకమీద రాసేటప్పుడు దాని క్షేమం కూడా ఒక మాట రాయి.

నిజం రాయమన్నావు. పొద్దున పిల్లవాడికి పాలిచ్చి, అత్తకు అప్పగించి గనికి పోతాను. రాతి పెళ్లలు, మట్టి తట్టకెత్తి గుంతలోంచి పైకి తెచ్చి పొయ్యాలి. తట్ట నెత్తిన పెట్టుకుని మెట్లెక్కుతుంటే అడుగడుగుకీ రొమ్ములు కిందికి గుంజినట్టు నొప్పి. మెడ నరాలు లాగుతాయి. మధ్యాహ్నానికి పాలు కారి పైట తడిసిపోతుంది. మేస్త్రీ నన్నే పై మెట్టు మీద ఆపి తట్ట సరిగ్గా లేదంటాడు. తట్ట సరిగ్గానే ఉంటుంది. వాడి కళ్లు తట్ట మీద ఉండవు.

పాత చీర చించి గట్టిగా కట్టుకుని చూశాను. పాలు గడ్డకట్టి జ్వరం వచ్చింది. అత్తకు చెబితే, "నేనిన్నేండ్ల సంది ఎట్లున్న? సచ్చిన్నా?" అని కుండలు కడుక్కుంటూ పోయింది. ఆమె చావలేదు, నిజమే.

కొలతలు అమ్మ తీసినట్టే తీశాను. రొమ్ముల కింద చుట్టూ మూడు జానలు, నాలుగు వేళ్లు. నిండు మీద నాలుగు జానలు. భుజం నుంచి పట్టీ దాకా జానెడు, బెత్తెడు. త్వరగా పంపు అక్కా.

సుమిత్ర


వికారాబాద్
25 ఆగస్టు 1957

చెల్లె సుమిత్రకు,

మేక క్షేమం. పిల్లలు కూడా క్షేమం. మీ మరిదికి చెప్పు, ఈసారి వస్తే పాలు పోస్తానని.

మీ బావ అంజిలయ్యతో రైలు పట్టాల మీద పనిచేసే బీరన్న తాండూరు వస్తుంటే రైక ఇచ్చి పంపుతున్నాను. ముతక నూలు గుడ్డ. కోసే ముందే ఒక రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరేశాను, ఉతికితే ముడుచుకోదు. తెల్లగా ఉంది కాబట్టి పైట కింద కనిపించదు.

దీన్ని ఎలా కుట్టానో చెబుతాను, ఎందుకంటే చెడిపోతే నువ్వే బాగుచేసుకోవాలి. ముందరి రెండు ముక్కలూ ఐమూలగా కోశాను, నిండుకు తగ్గట్టు సాగుతాయి. కింద పట్టీ మాత్రం నిలువు పోగు మీద, రెండు మడతలు. అది సాగదు, సాగకూడదు. రొమ్ము కింద రెండు పక్కలా చిన్న చిన్న మడతలు వేసి పట్టీలోకి కలిపాను. బరువంతా ఆ మడతల్లో కూర్చుని పట్టీ మీదికి, వీపు మీదికి పోతుంది. మెడ మీద పడదు. చంకలో నలుచదరపు ముక్క వేరేగా వేశాను. అది లేకపోతే చెయ్యి ఎత్తినప్పుడల్లా రైక మొత్తం పైకి లేస్తుంది. హుక్కులు పెట్టలేదు. ముందర ముడి వేసుకో. పిల్లవాడికి పాలిచ్చేటప్పుడు ముడి వదులు చేస్తే చాలు.

మా బజారులో కొత్తగా దుకాణం పెట్టిన టైలర్, ముడి రైకలు ఇంకా ఎవరు వేసుకుంటారమ్మా, జాకెట్టు కుట్టండి అన్నాడు. తట్ట మోసేది నా చెల్లె, నువ్వు కాదు అని వచ్చాను.

మీ అత్త 'సచ్చిన్నా' అన్నదా? ఆ మాట చదివాక సూది వేలిలో దిగింది. అత్తా ఒకింటి కోడలే అంటారు. తన కోడలితనాన్ని ఆమె ఏ వాగులో పారేసుకుందో అడుగు. వద్దులే, అడగకు. రైక వేసుకో.

రుక్కమ్మ


తాండూరు
20 సెప్టెంబరు 1957

అక్కకు,

ఎవరి జానతో కోశావు?

నీ రైక వేసుకుని గనికి పోయాను. ముడి పడేదాకా ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది. కొత్తది కదా, మెల్లగా వదులవుతుందని ఓర్చుకున్నాను. తట్ట ఎత్తడానికి చేతులు లేపితే చంక దగ్గర పర్రున పిగిలింది. మధ్యాహ్నానికి పాలు నిండి, కిందికి పట్టీ, పైకి గుడ్డ, నడుమ నా ప్రాణం. సాయంత్రానికి కుడి రొమ్ము రాయి అయింది. వారం జ్వరంతో పడి ఉన్నాను. పిల్లవాడు పాలకు ఏడుస్తుంటే గంజినీళ్లు పట్టారు.

జ్వరంలో అత్త నా చీర మార్చబోయి రైక చూసింది. తీసుకుపోయి శంకరప్ప ముందు వేసింది. వాడు దాన్ని కర్రతో ఎత్తి పట్టుకుని అరుగు మీద అందరికీ చూపించాడు, చచ్చిన పామును చూపించినట్టు. "ఇంగొక్కసారి కనవడితె పొల్లగాన్ని ఈడ వెట్టి నువ్ పో" అన్నాడు. తర్వాత అది పొయ్యిలో పడింది.

నీకు కోపం వస్తే కుట్టు మిషన్ తొక్కుకుంటావు అక్కా. ఒడ్డున కూర్చున్నవాళ్లు ఈత ఎన్ని రకాలుగానైనా చెబుతారు. నాకు కోపం వస్తే నోరు మూసుకోవాలి, లేకపోతే నా కొడుకు పోతాడు. ఇక ఏమీ కుట్టకు, ఏమీ పంపకు. మేకను అడిగానని చెప్పు.

సుమిత్ర


వికారాబాద్
29 సెప్టెంబరు 1957

సుమిత్రకు,

నా జానతోనే కోశాను. నీ ఉత్తరం చదివాక నా చెయ్యి నేనే చూసుకుని తల గోడకేసి కొట్టుకున్నాను. నువ్వు నాకంటే జానెడు పొడుగు, చేతులూ అంతే. అమ్మ ఎవరికి కుట్టినా వాళ్లను ఎదురుగా నిలబెట్టి వాళ్ల చేతితోనే వాళ్ల ఒంటిని కొలిపించేది, గుడ్డ మీద కూడా వాళ్ల చెయ్యే పెట్టించి గీత గీసేది. అందుకే ఆమెకు ఎన్నడూ తప్పు పోలేదు. నేను నీ ఒంటి మీద నీ చెయ్యి, గుడ్డ మీద నా చెయ్యి పెట్టాను. కుట్టడం వచ్చని ఊరంతా చెప్పుకునేదాన్ని, ఇంత మాత్రం తోచలేదు. నీకు జ్వరం తెచ్చింది నేను. ఎంత తిట్టినా పడతాను.

కానీ 'ఇక కుట్టకు' అంటే మాత్రం పడను. నా కుట్టు తప్పితే నన్ను అను. కర్రతో ఎత్తి చూపినవాడి తప్పు నా జానెడులో కలపకు. వాడి తల్లి పాలు తాగే వాడు అంతవాడయ్యాడు. ఆ పాలు ఎక్కడి నుంచి వచ్చాయో వాడికి అంత అసహ్యమా? నాకు ఇక్కడ కూర్చుని చేతులు దురద పెడుతున్నాయి.

ఈసారి జానలు వద్దు, వేళ్లు వద్దు. నూలు దారం తీసుకో. రొమ్ముల కింద చుట్టిన దారానికి ఒక ముడి వెయ్యి. నిండు మీద చుట్టినదానికి రెండు. భుజం నుంచి కిందికి తీసినదానికి మూడు. పాలిచ్చాక కొలవకు, పిల్లవాడు తాగకముందు, నిండుగా ఉన్నప్పుడే కొలువు. నీకు నువ్వే కొలుచుకుంటే ఒళ్లు ముడుచుకుపోతుంది. నమ్మకమైన ఆడమనిషిని పట్టుకో. తట్ట ఎత్తినట్టు రెండు చేతులూ పైకి లేపి నిలబడు, అప్పుడు చంక కింద ఎంత కావాలో ఆమెను కొలవమను. దానికి నాలుగు ముడులు. దారాలు బీరన్న చేతికి ఇవ్వు.

ఇస్తే కుడతాను. ఇవ్వకపోయినా కుడతాను, కానీ మళ్లీ తప్పు కుడతాను.

రుక్కమ్మ


తాండూరు
16 అక్టోబరు 1957

అక్కకు,

దారాలు పంపుతున్నాను. పంపొద్దనే అనుకున్నాను. మొన్న మేస్త్రీ మళ్లీ ఆపాడు. ఈసారి తట్ట సర్దుతానని చెయ్యి పెట్టాడు. తట్ట వాడి కాలి మీద వదిలేశాను. కుంటుతూ తిరుగుతున్నాడు, నా కూలి కోశాడు. ఆ సాయంత్రమే దారం కొన్నాను.

కొలిచింది మార్త. గనిలో నా పక్కన తట్టలు ఎత్తే మనిషి, కిరస్తానీ ఇంటి ఆమె. ఆమె మొగుడూ పోయాడు, రైక మాత్రం వేసుకునే ఉంది. మీలో తీయరా అని అడిగితే, "మొగడు సచ్చిండు గని నేను సావలే గద" అంది. ఆమె వాళ్ల గుడిసెలో తలుపు వేసి, నన్ను చేతులు పైకెత్తించి కొలిచింది. ఎవరో నా ఒంటిని తప్పు పట్టకుండా ముట్టుకుని చాలా రోజులయింది. ఏడ్చాను. ఆమె దారం పళ్లతో కొరికి ముడి వేస్తూ, ఏడుస్తే కొలత మారుతుందని కసిరింది.

ఇంకొక మాట. ఇది వేసుకుంటే దాచను. దాస్తేనే కదా వాడు కర్రతో ఎత్తాడు. మళ్లీ రైక కనబడితే శంకరప్ప కులపెద్దల ముందు పెడతానంటున్నాడు, పెట్టనీ. ఇల్లు వెళ్లగొడితే పిల్లవాడిని తీసుకుని నీ దగ్గరికి వస్తాను. నువ్వు రమ్మన్నావు కదా.

సుమిత్ర


వికారాబాద్
10 నవంబరు 1957

సుమిత్రకు,

రైక బీరన్న తెస్తున్నాడు. దారాలు నేల మీద పరిచి చూసుకుని కోశాను. ఇది నీకు సరిపోతుంది. సరిపోకపోతే నా మిషన్ అమ్మేస్తాను. చంక ముక్క పెద్దది వేశాను, తట్ట ఎత్తు, కొండ ఎత్తు, పిగలదు.

ఇప్పుడు రాయాల్సింది రాయలేక నాలుగు రోజులు ఈ ఉత్తరం ఆపాను. నా ఇల్లు ఉందని, రైలెక్కమని రాశాను కదా. అప్పుడు మీ బావను అడగలేదు. ఇప్పుడు అడిగాను. "బట్టలు కుట్టి పంపు, వద్దన్ననా? మనిషిని తేకు. కులపోళ్లు నన్ను గూడ వెలేస్తరు. రేపు మన బిడ్డ లగ్గానికి ఎవడొస్తడు?" అన్నాడు. తిట్టాను, ఏడ్చాను, మా అత్తగారితో తిట్టించాను. కదలలేదు. మంచివాడే, తాగడు, కొట్టడు. అందుకే ఇంకా కోపంగా ఉంది. చెడ్డవాడయితే చెడ్డవాడని రాసేదాన్ని.

మాట్లాడటం మానేశాను. కానీ కూడు వండి పెడుతున్నాను. నా కోపం అంతవరకే వెళుతోంది, పొయ్యి దాకా వెళ్లి ఆగిపోతోంది. నిన్ను పౌరుషంగా ఉండమని రాసిన చేయి ఇదే.

కాబట్టి తెలిసి వేసుకో చెల్లె. వెనక ఇల్లు ఉందనుకుని వేసుకోకు. దాచుకుని వేసుకున్నా, మొత్తానికే మానుకున్నా నేను ఒక్క మాట అనను. నీకు అబద్ధం చెప్పి పంపితే ఆ రైక నీకు ఉరి అవుతుంది.

రుక్కమ్మ


తాండూరు
22 డిసెంబరు 1957

అక్కకు సుమిత్ర రాయునది.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. మూడో రోజు రైక వేసుకున్నాను. సరిపోయింది అక్కా. ముడి వేసి చేతులు పైకి ఎత్తితే రైక ఎక్కడిది అక్కడే ఉంది, నేను మాత్రం నిటారుగా అయ్యాను. గుంతలోంచి ఎక్కుతుంటే మెడ లాగలేదు. మేస్త్రీ దూరం నుంచే లెక్క రాసుకున్నాడు. పనివాళ్లంతా చూశారు, ఆ సాయంత్రానికే ఇంటికి తెలిసింది.

పోయిన ఆదివారం కులపెద్ద చంద్రప్ప ఇంటి ముందు కూర్చున్నారు. శంకరప్ప చెప్పాల్సిందంతా చెప్పాడు. ఇంటి పరువు పోయిందని, మా మందలో గొర్రెలు చచ్చాయని, అది కూడా నా రైక వల్లేనని. మార్త దూరంగా గోడ పక్కన నిలబడింది. అత్త ఆడవాళ్ల ముందు వరుసలో కూర్చుంది. నేను తల దించుకునే ఉన్నాను, చంద్రప్ప ఆ మాట అనేదాకా. "అయిందేమో అయింది. రైక ఇప్పి మీ అత్త చేతిల వెట్టు. దండుగ పైసలు లేకుంట ఇడిసిపెడ్తం" అన్నాడు. చాలా దయతో అన్నాడు. ఆ దయకే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

పైట తీసి నడుముకు చుట్టుకున్నాను. ముడి మీద చెయ్యి పెట్టాను.

"ఇప్పుత. ఈడనే ఇప్పుత. గని ఎవ్వరు తల దించొద్దు. మీరు అడిగింది గిదే గద, సూడున్రి" అన్నాను.

అంతమంది మగవాళ్లు, ఒక్కడూ నా వైపు చూడలేదు. శంకరప్ప గోడ చూస్తున్నాడు. చంద్రప్ప నేల చూస్తూ, "పైట ఏస్కో బిడ్డ" అన్నాడు. వేసుకోను, ముందు మాట చెప్పండి అన్నాను. చివరికి ఆయన, ఇది ఆడవాళ్ల ముచ్చట, ఆడవాళ్లే చూసుకోవాలని లేచాడు. ఇంతకాలం మగవాళ్ల ముచ్చటే కదా, ఒక్కసారిగా ఆడవాళ్లది అయింది. శంకరప్ప పిల్లవాడి మాట ఎత్తబోతే, "పాలు తాగే పొల్లగానికి నువ్వు పాలిస్తవారా?" అని చంద్రప్ప వాడినే కసిరాడు. కొందరు నవ్వారు. అంతటితో అయిపోయింది.

గెలిచానని రాయను. నీ ఇల్లు లేదని తెలిసి నిలబడ్డాను కాబట్టి నిలబడ్డానేమో. ఉందనుకుంటే పారిపోయి వచ్చేదాన్ని. అయినా బావ మీద నా కోపం పోలేదు, చెప్పు ఆయనకు.

అసలు సంగతి ఇది కాదు. నిన్న పొద్దున అత్త స్నానం చేస్తూ వీపు రుద్దమని పిలిచింది. ఎన్నడూ పిలవదు. పైట పక్కకు జరిపి, రెండు చేతులతో రొమ్ములు పైకి ఎత్తి పట్టుకుంది. కింద మొత్తం పుండు. పచ్చిగా, చెమటకు ఒరుసుకుని ఒరుసుకుని, పాత మచ్చ మీద కొత్త పుండు. ఎండాకాలంలో చీమూ వస్తుందట. మామ పోయినప్పుడు ఈమెకు నా కంటే రెండేళ్లే ఎక్కువ. అప్పటి నుంచి అలాగే గొర్రెల వెంట తిరిగింది, కట్టెలు మోసింది.

"మీ అక్కకు రాయి. నాగ్గూడ ఒకటి కుట్టమను" అంది, గోడ వైపు చూస్తూ.

నాకు జాలి రాలేదు అక్కా. రావాలి, తెలుసు. కోపం వచ్చింది. వాగు దగ్గర నా ముడి విప్పిన చేతులు ఇవే. ఎంత నొప్పి ఉంటుందో ఈ ఊర్లో అందరికంటే బాగా తెలిసిన చేతులు.

"గింత బాధ ఎర్కుండి నా మీదిదెట్ల తీసినవ్?" అని అడిగాను.

"నా మీదిది తీసిననాడు ఎవ్వరడిగిన్రు?" అంది.

చెంబు నేలకు వేసి కొట్టి వచ్చేశాను. సాయంత్రం మళ్లీ పోయాను. చేతులు పైకి ఎత్తమన్నాను. ఆమె చేతులు భుజాల పైకి లేవడం లేదు, ఇన్నేళ్లు ముందుకు వంగి వంగి అలా అయిపోయింది. ఎంత లేస్తే అంతే కొలిచాను. ఏడుస్తూ ఉంది. కొలత మారుతుందని కసిరాను.

ఆమె దారాలు ఇందులోనే పెట్టాను, పుండు ఉన్నచోట పట్టీ ఒరుసుకోకుండా లోపల మెత్తటి పాత గుడ్డ వెయ్యి. కానీ ముందు నాకు రెండోది కుట్టు, ఉతికి ఆరేస్తే మార్చుకోవడానికి లేదు. ఆమెది ఆ తర్వాత. ఇన్నేళ్లు ఆగింది, ఇంకో వారం ఆగుతుంది.

సుమిత్ర